నాయనమ్మ పట్టిన వెయ్యి కొంగల నోము

లక్ష వత్తుల నోము నోచినవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. రామకోటి రాసినవాళ్ళూ ఉంటారు. కాగితం కొంగల నోము పట్టిన మనిషి మాత్రం, నాకు తెలిసినంతలో, మా నాయనమ్మ ఒక్కతే.

ఇది 1996 నాటి సంగతి. అప్పుడు మేం విజయవాడ సత్యనారాయణపురంలో, రైలు పట్టాల పక్క సందులో అద్దెకుండేవాళ్ళం. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డని వెడల్పాటి రోడ్డుంది చూడండి, అప్పుడు అక్కడ పట్టాలుండేవి. రైలొస్తే గోడ మీద క్యాలెండర్ ఊగేది, గూట్లో గ్లాసులు గలగలమనేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్ళు. మాకేమో రైలు రాని రాత్రే నిద్ర పట్టేది కాదు.

నాన్న గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో బైండింగ్ పని చేసేవాడు. ఆ రోజుల్లో విజయవాడలో ఏ సందులోకి తిరిగినా ప్రెస్సు చప్పుడే. గైడ్లు, పంచాంగాలు, శుభలేఖలు, క్యాలెండర్లు. ప్రెస్సులో పని చాలక, లెడ్జర్లూ పాత పుస్తకాలూ ఇంటికి తెచ్చి రాత్రిళ్ళు బైండు చేసేవాడు. అందుకని మా వంటింట్లో అన్నం గిన్నె, పప్పు గిన్నెతో పాటు జిగురు గిన్నె కూడా ఒకటుండేది. సొట్టలు పడ్డ సత్తు గిన్నె. అమ్మ అందులో మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేది. తెల్లటి జిగురుకి లేత నీలం రంగొచ్చేది. చూడ్డానికి ఏదో మిఠాయిలా ఉండేది కానీ, తుత్తం విషం కదా, ఆ గిన్నె దరిదాపుల్లోకి వెళ్తే వీపు చిట్లేది.

ఏటా జనవరిలో పుస్తకాల ఎగ్జిబిషన్ పెడితే నాన్న మమ్మల్ని పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌కి తీసుకెళ్ళేవాడు. అందరూ పుస్తకం తెరిచి చదివి చూస్తారు. నాన్న మూసి చూసేవాడు. వెన్ను నొక్కి, అంచు మీద బొటనవేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "కుట్టు బాగుంది" అనో "ఇది రెండేళ్ళలో ఊడిపోద్ది" అనో తీర్పు చెప్పేవాడు. ఆ ఏడు మాత్రం కుట్టు కూడా లేని, మధ్యలో పిన్నులు కొట్టిన సన్నటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి సగం ధరకొస్తోందని కొన్నాడు. జపాను వాళ్ళ కాగితం మడతల పుస్తకం. నిండా బొమ్మలు, చుక్కల గీతలు, బాణాలు. "మడతల పుస్తకాన్ని ఎంత నీటుగా మడతేశారో చూడు" అని మురిసిపోయి తెచ్చి బీరువా మీద పడేశాడు. చివర్లో బొమ్మల్లేకుండా ఏదో కథ ఉందని చూశాను కానీ, నాది తెలుగు మీడియం ఏడో తరగతి. చదివే ఓపికెక్కడిది?

ఫిబ్రవరిలో తమ్ముడికి జ్వరమొచ్చింది. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. ముందు గొంతునొప్పి అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మోకాలు వాచింది. అది తగ్గుతుంటే చీలమండ వాచింది, తర్వాత మోచెయ్యి. క్రికెట్ ఆడి దెబ్బ తగిలించుకున్నాడని అమ్మ నాలుగు తగిలించింది కూడా. ఆ నాలుగు దెబ్బలకీ అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. పెద్ద డాక్టరుకి చూపిస్తే రుమాటిక్ ఫీవర్ అన్నాడు. కీళ్ళ వాపు దానంతటదే పోతుంది, భయమంతా గుండె కవాటాల గురించే, నెలల తరబడి మంచం దిగకూడదు, ఇరవయ్యొక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ పడాల్సిందే అని చెప్పాడు. ఆ ఇంజక్షన్ పడ్డ రోజు వాడు రెండు రోజులు ఒక పక్కకే పడుకునేవాడు.

పరుగెత్తకుండా ఒక్క నిమిషం ఉండలేని పిల్లాడు. వరల్డ్ కప్ నడుస్తోంది, సందులో పిల్లలంతా కట్ట మీద బ్యాటు పట్టుకునున్నారు. వీడు వసారాలో నులక మంచం మీద. సాయంత్రం కొంగల బారు ఊరి మీదుగా పోతుంటే మా సందు పిల్లలంతా గోళ్ళు పైకి చూపించి, ఒకదానికొకటి రుద్దుకుంటూ "కొంగా కొంగా గోళ్ళివ్వవే" అని అరిచేవాళ్ళు. కొంగ దయతలిస్తే గోరు మీద తెల్ల చుక్క పడుతుందని మా నమ్మకం. తమ్ముడు మంచం మీంచే చేతులు చాపేవాడు. వాడికి ఆ ఏడు ఒక్క చుక్కా పడలేదు. దానిక్కూడా ఏడ్చాడు.

ఇండియా సెమీఫైనల్లో శ్రీలంక మీద ఓడిపోయిన మర్నాడో ఆ మర్నాడో నాన్న ప్రెస్సు నుంచి తొందరగా వచ్చాడు. చేతిలో పొట్లం. విప్పితే నాలుగంగుళాల చదరపు కాగితాలు, పేకముక్కల కట్టలా. కటింగ్ మిషన్ మీద కోసినవి, ఒక్కదాని అంచు కూడా ఇంకోదాని మీంచి జారలేదు. బీరువా మీంచి ఆ పుస్తకం దింపి, తమ్ముడి మంచం మీద కూర్చుని కథ చెప్పాడు.

జపానులో హిరోషిమా అని ఒక ఊరు. 1945 ఆగస్టు 6న దాని మీద అమెరికా అణుబాంబు వేసింది. సడాకో అనే పిల్లకి అప్పటికి రెండేళ్ళు. ఒంటికి చిన్న గాయం కూడా కాలేదు. పెరిగి పెద్దదై బళ్ళో అందరికంటే జోరుగా పరుగెత్తేది, రిలే పందెంలో ఆమె ఉంటే ఆ జట్టుదే గెలుపు. పదకొండేళ్ళ వయసులో చూస్తే మెడ దగ్గర వాపు, ఒంట్లో నీరసం. బాంబు విషం నెత్తురులోకి దిగిందన్నారు. 1955లో ఆసుపత్రిలో పడుకోబెట్టారు. వెయ్యి కాగితం కొంగలు చేసినవాళ్ళ కోరిక తీరుతుందని వాళ్ళ నమ్మకం. కొంగ వెయ్యేళ్ళు బతుకుతుంది, తాబేలు పదివేలేళ్ళు బతుకుతుంది అని వాళ్ళ సామెత. ఆ పిల్ల మందుల పొట్లాల కాగితాలు దాచుకుని మరీ కొంగలు చేసింది.

"వెయ్యీ చేసిందా?" అన్నాడు తమ్ముడు.

"చేసింది."

"తగ్గిందా?"

"తగ్గకేం. బడికి పోయింది. మళ్ళీ పరుగు పందెం కూడా గెలిచింది."

నేను పుస్తకం తీసుకుని చివరికి తిప్పాను. ఆఖరి రెండు ఆకులూ అతుక్కుపోయి ఉన్నాయి. "ప్రెస్సులోనే తప్పు జరిగింది. లాగితే చిరిగిపోద్ది, ఉంచెయ్" అన్నాడు నాన్న.

అప్పటిదాకా మూల కూర్చుని వత్తులు చేసుకుంటున్న నాయనమ్మ నోరు విప్పింది. "కొంగేమిట్రా, కొంగ! దొంగ జపం చేసి చేపల్ని మింగే పక్షికి నోమేమిటి?"

"ఇది మన చెరువు కొంగ కాదమ్మా. ఇంతెత్తుంటది, నెత్తి మీద ఎర్ర బొట్టుంటది. మన క్రౌంచ పక్షి లేదూ, ఆ జాతి."

క్రౌంచం పేరెత్తేసరికి ఆవిడ మెత్తబడింది. బోయవాడు కొట్టిన పక్షి కోసం వాల్మీకి ఏడిస్తే కదా రామాయణం పుట్టింది! "అట్లా అయితే సరే. మరి వెయ్యంటే?" అంది. నాన్న లెక్కలో నాన్న ఉన్నాడు. "రీముకి ఐదొందలు. రెండు రీములు."

"వెయ్యి అని సున్నాలతో ఆపకూడదు. వెయ్యిన్నూటపదహార్లు చెయ్యాలి" అంది నాయనమ్మ. "ముందు ఇంకో మూడొందల యాభయ్యారు కావాలి. అవి ఈ లెక్కలోవి కావు."

"అవెందుకే?" అన్నాను.

"పాత బాకీ."

ఆవిడకి ఇలాంటి లెక్కలు చాలా ఉండేవి, మేం పట్టించుకోలేదు. లక్ష వత్తుల నోము కథ కూడా అలాంటిదే. అది అసలు ఆవిడ పట్టిన నోము కాదు, వాళ్ళ అత్తగారిది. ఆవిడ సగంలో పోయింది. నోము పట్టిన మనిషి పోతే నోము పోదు, ఇంట్లో ఎవరో ఒకరు పూర్తి చేసి ఉద్యాపన చెప్పుకోవాలని మిగిలిన వత్తులన్నీ ఈవిడ కూర్చుని చేసి, కార్తీకంలో కృష్ణ ఒడ్డున వెలిగించొచ్చిందట. మొత్తానికి నాన్న మూడు రీముల లెక్కన కోశాడు. పదిహేనొందలు. వేస్టేజీ పోను సరిపోవాలి.

మనకు మాత్రం మడతలు కొత్తా? వాన పడితే కత్తిపడవ చేయని పిల్లలుండేవాళ్ళా? కిరాణా కొట్టాయన మాటల్లో ఉండగానే అరపావు జీలకర్ర పొట్లం కట్టి దారం తెంపేవాడు. కిళ్ళీ కొట్టు దగ్గర తమలపాకు మడత చూస్తే అది మాత్రం తక్కువ విద్యా? అయినా ఈ కొంగ మమ్మల్ని వారం రోజులు ఏడిపించింది.

చిక్కంతా ఒక్క చోటే ఉంది. చదరపు కాగితాన్ని అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి మడిచి విప్పితే గీతలు పడతాయి. ఆ గీతల వెంబడే నొక్కితే కాగితం తనంతట తనే దగ్గరికొచ్చి చిన్న చదరం అవుతుంది. దాని అంచులు రెండూ మధ్య గీతకి తెస్తే గాలిపటం ఆకారం. ఇక్కడిదాకా ఎవరైనా వస్తారు. ఇప్పుడు ఆ మడతలు విప్పేసి, పై పొర ఒక్కదాన్నే కింది మొన పట్టుకుని నోరు తెరిపించినట్టు పైకెత్తాలి. ఎత్తుతుంటే పక్క అంచులు వాటంతటవే లోపలికి ముడుచుకోవాలి. పుస్తకంలో ఇక్కడ ఒక బాణం గీసి ఊరుకున్నారు. ఇప్పటి పిల్లలు ఫోన్లో వీడియో చూసి నాలుగు నిమిషాల్లో చేసేస్తున్నారు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క మడతకి వీడియోనే నయం. మేం చేసిన మొదటి పాతిక కొంగల్లో సగం కోళ్ళు, మిగతా సగం ఏమిటో మాకే తెలీదు.

చివరికి ఆ మడతని పట్టింది నాయనమ్మే. చదువు రాని మనిషి, బాణాలు చూడలేదు, బొమ్మ చూడలేదు. నాన్న చేసిన ఒక కొంగని మెల్లగా మొత్తం విప్పి, కాగితం మీద పడ్డ గీతల్ని వేలితో తడుముతూ, మళ్ళీ వెనక్కి మడుచుకుంటూ వచ్చింది. "కుచ్చిళ్ళు పెట్టినట్టేనే, అమ్మడూ. బలవంతం చెయ్యకు, అది పోయే దారిన పోనీ" అంది. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ మడత దగ్గర ఆగలేదు.

ఇంకో సంగతి. వత్తులు చేసేటప్పుడు వేళ్ళు జారకుండా విభూతి అద్దుకోవడం ఆవిడకి అలవాటు. కొంగలకీ అదే అలవాటు. పక్కన విభూతి పళ్ళెం పెట్టుకుని, రెండు వేళ్ళూ అద్దుకుని మడత మీద గోటితో గీసేది. దాంతో ఆవిడ చేసిన కొంగలకి రెక్కల మీద బూడిదరంగు వేలిముద్రలు పడేవి. వెయ్యింటిలో కలిపేసినా నాయనమ్మ కొంగ ఏదో ఇట్టే చెప్పేయొచ్చు. నాన్నవి వెదురు బద్దతో రుద్దిన మడతలు, కత్తిలా ఉండేవి. అమ్మ కొంగలకి తోక లావు, పొయ్యి మీద కూర చూసుకుంటూ చేసేది మరి. తమ్ముడికి మొదట్లో వేళ్ళ కణుపులు నొప్పి. అందుకని వాడికి ఆఖరి పనులిచ్చాం. ముక్కు వంచడం, రెక్కలు చాపి కింది చిల్లులోంచి ఉఫ్ అని ఊదడం. ఊదితే కొంగ పొట్ట ఉబ్బుతుంది. "ప్రాణ ప్రతిష్ఠ వీడిదే" అనేది నాయనమ్మ. వాడికి గర్వం.

కాగితం గురించి నాన్న చెప్పిన పాఠాలు ఇప్పటికీ గుర్తే. ప్రతి కాగితానికీ వాటముంటుంది. వాటం వెంబడి మడిస్తే మాట వింటుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. క్యాలెండర్ల ఆర్ట్ పేపరు మెరుస్తుంది కానీ మందం, మెడ దగ్గర పెచ్చు లేస్తుంది. న్యూస్‌ప్రింట్ మెత్తన, కొంగ తల వాల్చేస్తుంది. బళ్ళో తోరణాలు కట్టే గ్లేజు కాగితం అన్నిటికంటే మేలు, ఒక పక్క రంగు, ఒక పక్క తెలుపు. మా కొంగల మీద ఏముండేదో చెప్పనా? శుభలేఖ మూల పసుపు, పంచాంగంలో వర్జ్యాలు, గైడులో సగం లెక్క, మందుల షాపు కవరు మీద టోకు రిటైలు అన్న అక్షరాలు. దేవుడి బొమ్మలున్న ముక్కలు మాత్రం నాయనమ్మ ఏరి పక్కన పెట్టేసేది.

ఏప్రిల్లో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. ప్రెస్సులో రాత్రీ పగలూ కరపత్రాలే. నాన్న ఇంటికొచ్చేసరికి పన్నెండయ్యేది, కానీ సంచిలో కటింగులు మాత్రం బస్తాల కొద్దీ. పచ్చవి, మూడు రంగులవి, ఎర్రవి, కాషాయం. ఎండాకాలం రెండు నెలలూ మా ఇంట్లో అన్ని పార్టీల కొంగలూ పుట్టాయి. నాయనమ్మ పూలు గుచ్చే సూదికి దారమెక్కించి, రంగులు చూడకుండా అన్నిటినీ ఒకే దండలో గుచ్చేసింది. నాన్న వాటిని చూసి, "అమ్మా, నువ్వన్న దొంగ జపం వీటికి మాత్రం సరిపోద్దిలే" అన్నాడు. ఆ జబ్బు మొదలయ్యాక మా ఇంట్లో అందరం కలిసి నవ్వడం అదే మొదటిసారి అనుకుంటా.

జపాను వాళ్ళు వరసకి నలభై చొప్పున పాతిక వరసలు గుచ్చుతారు. మాకు నలభై పొడవు ఎక్కువైంది, దూలానికి కడితే మంచం మీద పిల్లాడి ముక్కుకి తగిలేది. పదహారు చొప్పున గుచ్చాం. రాత్రి లైటు తీసేశాక రైలొస్తే దండలన్నీ ఒక్కసారి గరగరమనేవి. తమ్ముడు చీకట్లో "కొంగా కొంగా గోళ్ళివ్వవే" అని గొణిగేవాడు.

మొదట చేసిన మూడొందల యాభయ్యారు మాత్రం వీటిలో కలవలేదు. నాయనమ్మ వాటిని తెల్ల దారానికి ఒకటే పొడుగు దండ గుచ్చి, తన ట్రంకు పెట్టెలో దాచింది.

జూన్ ఆఖరికి లెక్క పూర్తయింది. వాపులు ఎప్పుడో పోయాయి. డాక్టరు గుండెకి స్టెత్ పెట్టి చాలాసేపు విని, చిన్న శబ్దం ఉంది, ఉండనీండి, బడికి పంపండి, పరుగులు మాత్రం వద్దు అన్నాడు. అమ్మ వెంటనే ఉద్యాపన అంది. అధిక ఆషాఢంలో ఉద్యాపనలేమిటని నాయనమ్మ కసిరింది. అలా ఆగి, శ్రావణంలో ఒక ఆదివారం పెట్టుకున్నాం.

నోముకి వాయనం ఇవ్వాలి కదా. తమ్ముడు ఇంజక్షన్ చేయించుకునే ఆసుపత్రిలో పిల్లల వార్డుకి దండలన్నీ గోనెసంచిలో వేసుకుని రిక్షాలో వెళ్ళాం. మంచానికో దండ. నాయనమ్మ ప్రతి మంచం దగ్గరా ఆగి "ఇస్తినమ్మ వాయనం" అనేది, ఆ పిల్ల తల్లి నవ్వాపుకుంటూ "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి. అననివాళ్ళకి ఇవ్వలేదు, అనిపించుకునే ఇచ్చింది. ఒక సిస్టరమ్మ తనక్కూడా వాయనం కావాలని అడిగి మరీ తీసుకుంది. గుర్తుగా ఉండాలని నూటపదహారు మాత్రం బిస్కెట్ల డబ్బాలో ఇంటికి తెచ్చుకున్నాం.

అక్కణ్ణించి నాయనమ్మ ఇంటికి రాలేదు. నన్ను వెంటబెట్టుకుని దుర్గా ఘాట్‌కి వెళ్ళింది. సంచి అడుగు నుంచి ఆ తెల్ల దారం దండ తీసింది. కృష్ణలో కొత్త నీళ్ళు, ఎర్రగా ఉన్నాయి. మెట్టు దిగి మునిగి, దండని నీళ్ళ మీద పరిచినట్టు వదిలి, మూడు దోసిళ్ళ నీళ్ళు వదిలింది. కొంగలు బ్యారేజీ వైపు కాదు, ఒడ్డు వెంబడే సుడి తిరుగుతూ కాసేపున్నాయి. తర్వాత ఒక్కొక్కటే నానిపోయి కిందికి దిగాయి. "అంత కష్టపడి చేసినవి నీళ్ళలో వేస్తావేంటి నాయనమ్మా?" అని నేను గొడవ. ఆవిడ కొంగు పిండుకుంటూ, "చేరాల్సినచోటికి చేరతాయిలే, పద" అంది.

సడాకో బతకలేదని నాకు డిగ్రీ రెండో సంవత్సరంలో తెలిసింది. ఆగస్టు 6న పేపర్లో హిరోషిమా గురించి వేశారు. 1955 అక్టోబర్ 25న పోయింది, పన్నెండేళ్ళు. 1958 మే 5న, అంటే వాళ్ళ పిల్లల పండగ రోజున, ఆ ఊళ్ళో పిల్లల కోసం కట్టిన శాంతి స్తూపం ఆవిష్కరించారు. పైన ఒక ఆడపిల్ల రెండు చేతులతో కొంగని ఎత్తి పట్టుకుని ఉంటుంది. దేశదేశాల నుంచి ఏటా కోటి దాకా కాగితం కొంగలు అక్కడికి చేరతాయట. నాయనమ్మ ఉంటే కొంగకోటి అనేది. అప్పటికే ఆవిడ పోయి ఏడాది దాటింది.

పేపరు పట్టుకెళ్ళి నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. "నా ఇంగ్లీషు అంతంతమాత్రం కదమ్మా, ఏదో అర్థం చేసుకుని ఉంటా" అన్నాడు. నమ్మేశాను. నాన్న ఇంగ్లీషు నిజంగానే అంతంతమాత్రం.

తర్వాత నాన్న సింగ్‌నగర్‌లో తొంభై గజాల్లో చిన్న ఇల్లు కట్టాడు. నేను పెళ్ళయి గుంటూరు వెళ్ళాను. తమ్ముడు ఇరవై దాటేదాకా ఇంజక్షన్లు వేయించుకుని, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రై, ఆ ఇంటి మీదే పైన ఒక అంతస్తు వేసుకున్నాడు. 2011లో నాన్న పోయాడు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. తెల్లారి లేచేసరికి మంచం కోళ్ళ దాకా, మధ్యాహ్నానికి కిటికీ దాకా. ఆ మర్నాడు కృష్ణకి కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద. గుంటూరులో నేను, అక్కడ పై అంతస్తులో వాళ్ళు, ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లు. ఆ టెన్షన్ ఇప్పుడు చెప్పినా అర్థం కాదు. డ్రోన్లతో తిండి పొట్లాలు జారవిడుస్తుంటే తమ్ముడి పిల్లలకి అదో ఆటలా ఉందట.

నీళ్ళు తీశాక వెళ్ళాను. వీధి పొడుగునా పరుపులు, ఫ్రిజ్‌లు, బురద. కింద గదిలో బీరువా తలుపు ఉబ్బి రాలేదు, గునపంతో తెరిచాం. బిస్కెట్ల డబ్బా తుప్పు పట్టి అడుగు పోయింది. లోపల మామూలు కాగితం కొంగలు ముద్దయిపోయాయి. ఆర్ట్ పేపరువి ఒకదానికొకటి అంటుకుని ఇటుకరాయిలా గట్టిపడ్డాయి. విప్పుదామని చూస్తే రంగు ఊడొచ్చింది. నాన్న ఉంటే చెప్పేవాడు, ఆర్ట్ పేపరు తడిస్తే అంతేనని. విభూతి ముద్ర ఉన్నది ఒక్కటైనా దొరుకుతుందని వెతికాను. దొరకలేదు.

కింది అరలో ఆ పుస్తకం ఉంది. పిన్నులు తుప్పు పట్టి ఆకులన్నీ విడివిడిగా వచ్చేశాయి. డాబా మీద పిట్టగోడ పొడుగునా ఒక్కొక్కటే ఆరేస్తున్నాం, నేనూ తమ్ముడూ. ఆఖరున చూస్తే, ఇరవయ్యెనిమిదేళ్ళుగా అతుక్కుపోయి ఉన్న ఆ రెండు ఆకులూ విడిపోయాయి. మధ్యలో జిగురు నాని, జారి, అంచు పొడుగునా సన్నటి మరక మిగిలింది. లేత నీలం మరక.

మా ఇద్దరికీ ఆ నీలం తెలుసు. ప్రెస్సులో జరిగిన తప్పు కాదది.

అచ్చు చెరిగినా చదవొచ్చు. ఆరు వందల నలభై నాలుగు కొంగలు చేసి, సడాకో కన్ను మూసింది. పుస్తకం అక్కడితో అయిపోయింది. కథల్లో ఎక్కువగా కనిపించే లెక్క అదే. ఆమె అన్న మాత్రం తన చెల్లెలు వెయ్యి దాటించిందనే చెప్పాడు, హిరోషిమాలోని మ్యూజియం మాటా అదే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికి తెలుసు, మాకున్నది ఈ పుస్తకం ఒక్కటే.

అమ్మ మెట్లెక్కి వచ్చి, మా మొహాలు చూసి, పిట్టగోడ మీద కాగితం చూసింది.

"ఊడిందా?" అంది.

"నీకు తెలుసా?"

"జిగురు ఉడికించింది నేనేగా. పిల్లాడికి చెప్పే ముందు రాత్రి చదివి, మీ నాన్న అన్నం మానేశాడు. పొద్దున్నే అంటించడానికి జిగురు చెయ్యమన్నాడు. నేను అప్పుడే చేసిచ్చాను. తెల్లారేదాకా పైన బరువుండాలి కదా, అత్తయ్య తన రామకోటి పుస్తకాలన్నీ తెచ్చి పెట్టింది."

"నాయనమ్మకి కూడా తెలుసా?" అన్నాడు తమ్ముడు.

"ఎందుకు తెలీదు? అంటించక ముందు రెండుసార్లు చదివించుకుంది. ఆ పిల్ల ఎన్నింటి దగ్గర ఆగిపోయిందిరా అని అడిగింది. మీ నాన్న చెప్పాడు. వేళ్ళ మీద లెక్కేసుకుంటూ కూర్చుంది చాలాసేపు."

తమ్ముడు నా వైపు తిరిగాడు. "వెయ్యిలోంచి ఆరొందల నలభై నాలుగు తీస్తే ఎంతక్కా?"

నేను చెప్పేలోపే వాడు జేబులోంచి ఫోన్ తీశాడు. తీసి, నొక్కకుండా అలాగే పట్టుకున్నాడు.

గాలి లేచింది. అమ్మ వంగి, పిట్టగోడ పక్కన పడున్న ఇటుక ముక్క తీసి, కొంగు చివరతో బురద తుడిచి, ఆ కాగితం ఎగిరిపోకుండా పైన పెట్టింది.